కొండ మీద రెండెకరాలు: కాఫీ మేలా, పసుపు మేలా?

పాడేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పనిచేసే తమ్ముడొకడు అడిగాడు, అన్నా ఊళ్లో రెండెకరాల కొండ పొలం ఉంది, మొత్తం కాఫీ పెట్టెయ్యనా లేక పసుపు వెయ్యనా అని. ఎకరానికి ఎంత మిగిలిద్ది అన్నది తర్వాత, ముందు డబ్బులు ఏ నెలలో చేతికొస్తాయో చూసుకోవాలి తమ్ముడూ.

కాఫీకి మూడు నాలుగేళ్లు ఆగాలి. నీడకి సిల్వర్ ఓక్ ఎదగాలి, దాని మీదకి మిరియం తీగ పాకించాలి. కానీ కాపుకొచ్చిందంటే ఏళ్ల తరబడి ఆదాయం, ఒకే నేలలో రెండు పంటలు, వాలులో మట్టి కూడా కొట్టుకుపోదు. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, జీసీసీ అంటే ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ కూడా కొంటది కాబట్టి దళారీ చెప్పిందే రేటు కాదు. పని మాత్రం చాలా ఉంటది. కొమ్మకి కాయలన్నీ ఒకేసారి పండవు, ఎర్రగా పండినవే ఏరుకుంటా అదే చెట్టు దగ్గరకి మళ్లీ మళ్లీ పోవాలి, కోసినరోజే తొక్క తీసి పులియబెట్టి కడిగి టార్పాలిన్ మీద ఆరెయ్యాలి, ఆ మంచులో సరిగ్గా ఆరక బూజు పట్టిందా రేటు పోయినట్టే. 2025లో అరకు వైపు కాయతొలిచే పురుగు కూడా కనపడింది, అందుకే రాలిన కాయ ఒక్కటి కూడా తోటలో వదలొద్దు.

పసుపు తొందరగా వచ్చిద్ది అనుకుంటారు గానీ ఏజెన్సీలో చాలామంది రెండేళ్లు నేలలోనే ఉంచుతారు. తవ్వాక ఉడకబెట్టాలి, దానికి కట్టెలు, తర్వాత ఎండబెట్టాలి, మెరుగు పట్టాలి. పైగా మన దుగ్గిరాల పసుపు యార్డు చూసినోళ్లకి తెలుసు రేటు ఎలా ఊగిద్దో.

ఈ రెండూ చేతికొచ్చేలోపు ఖర్చులకి రాజ్మా అయితే మూడు నెలల్లో చేతికొచ్చిద్ది. నాటుకోళ్లు సంతలో ఏ వారమైనా అమ్ముడుపోతాయి, కొక్కెర తెగులు టీకా మాత్రం మర్చిపోవద్దు.

ఒక్క పంట మీదే ఇల్లు నిలబెడితే ఏమయిద్దో మా గుంటూరు వాళ్లని అడగండి. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు, 2025లో రేటు పడిపోయి చివరికి కేంద్రం క్వింటా మిర్చికి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఎంత మంది అప్పుల పాలయ్యారో కళ్లారా చూశాం, కొండ మీద అదే జరగకూడదు.

కాబట్టి రెంటిలో నా ఓటు కాఫీ–మిరియానికే, కానీ ఎకరం వరకే. ఇంకో అరెకరంలో పసుపు, రాజ్మా, మిగతాది రాగి, సామ, తిండిగింజల నేల మాత్రం ఎవరు చెప్పినా తియ్యొద్దు. నీ చేలో నీడచెట్లు లేకపోతే ఈ వానలకి ముందు సిల్వర్ ఓక్ పెట్టు, అవి ఎదిగేదాకా మధ్య ఖాళీలో రాజ్మా వేసుకో, కాఫీ మొక్కల సంగతి ఆ తర్వాత చూద్దాం.