లేజర్ క్లీనింగ్ మిషన్ ఉన్నవాళ్ళు సర్వీస్ కాగితం మీద చూడకుండా సంతకం పెట్టకండి

ఆటోనగర్‌లో లేజర్ మిషన్‌తో తుప్పు తీసేవాళ్ళంతా దయచేసి ఇది చదవండి. నిన్న నా మిషన్‌లో లేజర్ బయటికొచ్చే గన్ కాలిపోయింది. అమ్మినాయన పేరు రాయను, మనలో చాలామంది ఆయన దగ్గరే కొన్నారు.

లారీ చాసిస్‌ల పని కోసం 1500 వాట్లది తీసుకున్నాను. సర్వీస్ కాంట్రాక్ట్ కూడా ఆయనదే. నెలకోసారి కుర్రాడొచ్చి కాగితం ఇస్తాడు, నేను సంతకం పెడతాను. పని ఒత్తిడిలో ఒక్కసారి కూడా పక్కన నిలబడి చూడలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

వారం నుంచి తుప్పు సరిగ్గా రావట్లేదు. ఫోన్ చేస్తే "పవర్ పెంచుకోండి" అన్నారు. పెంచాను. నిన్న గన్ వేడెక్కి ఆగిపోయింది. ట్రాలీ ఆటోలో వేసుకుని వాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళాను. నా ముందే విప్పారు. ప్రొటెక్షన్ లెన్స్ మీద నల్లటి మచ్చ, వెనకున్న ఫోకస్ లెన్స్ కూడా కాలింది. మిషన్‌ను నీళ్ళతో చల్లబరిచే చిల్లర్ మూత తీస్తే నీళ్ళు నాచుపట్టి పచ్చగా ఉన్నాయి.

ఐదు నెలల కాగితాలు బల్ల మీద పెట్టాను. ప్రతిదాంట్లో లెన్స్ తుడిచాం, నీళ్ళు మార్చాం అనే ఉంది. ఆయన నా సంతకం మీద వేలు పెట్టి, "అన్నీ చేసినట్టు మీరే ఒప్పుకున్నారుగా. తర్వాత మీరే పాడుచేసుకున్నారు. వారంటీ రాదు" అన్నాడు. సర్వీసుకొచ్చే కుర్రాడు పక్కనే ఉన్నాడు. తల దించుకున్నాడే గానీ నోరు విప్పలేదు. మార్చిన నీళ్ళు ఇలా ఉంటాయా అని అడిగితే, ఆయన "అరవకండి, బయట కస్టమర్లున్నారు" అన్నాడు. నేను అరవలేదు. రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది.

ఆ ప్రొటెక్షన్ లెన్స్ చిన్న గాజు బిళ్ళ. దాని మీద దుమ్ము ఉంటే బీమ్‌ వేడికి అక్కడే కాలుతుంది, తర్వాత లోపలి లెన్సులకు అడ్డు ఉండదు. పవర్ పెంచమనే బదులు ముందు లెన్స్ చూసుకోమని చెప్పి ఉంటే బిళ్ళ ఒక్కటి మార్చుకునేవాణ్ణి.

పని మొదలుపెట్టే ముందు కరెంటు తీసేసి లెన్స్ మీరే చూసుకోండి. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని స్వాబ్ వాడండి. చిల్లర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్ళు వద్దు. కంప్రెసర్ గాలిలో నూనె, తేమ గన్‌లోకి పోకుండా ఫిల్టర్ ఉండాలి. మన వానాకాలం ఉక్కలో చిల్లర్ మరీ చల్లగా పెడితే లెన్స్‌కు చెమట పడుతుంది, అది కూడా చూసుకోండి.

ఆ కుర్రాడు నెల మొదటి వారంలో మీ షెడ్లకూ వస్తాడు. గన్ విప్పేదాకా, నీళ్ళు పారబోసేదాకా పక్కనే నిలబడండి, ఫొటో తీసుకోండి. సంతకం ఆ తర్వాతే.