క్లూనీ కూలింది, బెర్జే మిగిలింది

ఫ్రాన్స్‌లోని బర్గండీకి వెళ్లేవారు క్లూనీ మఠంతో ఆగిపోవద్దు. అక్కడ కనిపించే దానికంటే కనిపించనిదే ఎక్కువ. 1088లో మఠాధిపతి యూగ్ ప్రారంభించిన ఆ చర్చి పొడవు 187 మీటర్లు. రోమ్‌లో కొత్త సెయింట్ పీటర్స్ కట్టేదాకా క్రైస్తవ ప్రపంచంలో అంత పెద్దది లేదు. ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని అమ్మేశారు. కొన్నవాళ్లు 1798 నుంచి ఏళ్ల తరబడి రాళ్ల కోసం కూల్చారు. ఇప్పుడు నిలిచి ఉన్నది దక్షిణాన కొంత భాగం, దాని మీది గోపురం. గర్భగుడి మీది పెద్ద చిత్రం ఎప్పుడో మట్టిలో కలిసింది.

ఆ లోటు కొంతైనా తీరాలంటే సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని బెర్జే-లా-విల్ అనే పల్లెకు వెళ్లాలి. క్లూనీ సన్యాసులకు అక్కడ ఒక చిన్న విడిది ఉండేది, యూగ్‌కు అది ఇష్టమైన చోటు. బండరాయి మీద రెండు అంతస్తులుగా కట్టిన ప్రార్థనాలయం బయటికి చాలా సాదాగా ఉంటుంది. పై అంతస్తులో అడుగుపెట్టగానే, ముదురు నీలం మధ్య కూర్చున్న భారీ క్రీస్తు రూపం ఎదురవుతుంది. చుట్టూ శిష్యులు, పీటర్‌కు అందుతున్న ధర్మశాస్త్రపు పత్రం చుట్ట. పక్క గోడ మీద, చెరసాలలో ఉన్న క్రైస్తవ అమరవీరుడు సెయింట్ బ్లేజ్‌కు ఒక పేద వితంతువు ఆహారం తెచ్చి ఇస్తోంది. కింద అదే బ్లేజ్ శిరచ్ఛేదం. దుస్తుల మడతల్లో బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) కళ ఛాయ స్పష్టం. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ వితంతువే.

విప్లవంలో ఇదీ చేతులు మారి వ్యవసాయపు కొట్టంగా మారింది. సున్నం పూత కింద దాగిన చిత్రాలను 1887లో ఆ ఊరి పూజారి ఫిలిబెర్ జోలివే కనుగొన్నారు. ఆరేళ్లకు ప్రభుత్వం దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది. 1947లో ఇంగ్లండు చరిత్రకారిణి జోన్ ఎవాన్స్ సొంత డబ్బుతో కొని, దగ్గరి పట్టణం మాకోన్‌లోని అకాడమీకి, అంటే విద్వాంసుల సంఘానికి, ఇచ్చేశారు. ఆమెకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. పెద్ద చర్చిని దాని రాళ్ల విలువే కూల్చింది, దీన్ని కొట్టంగా పనికిరావడం కాపాడింది.

వెళ్లడానికి కారు ఉంటే సుఖం. పారిస్ నుంచి వేగపు రైలు మాకోన్-లోషే స్టేషన్‌లో ఆగుతుంది. పాత రైలు మార్గాన్ని సైకిలు బాటగా మార్చారు. క్లూనీ నుంచి ఆ దారినే రావచ్చు, మధ్యలో కిలోమీటరున్నర పైబడిన బ్వా క్లేర్ సొరంగం వస్తుంది. చలికాలంలో గబ్బిలాల కోసం సొరంగాన్ని మూసేస్తారు, ప్రార్థనాలయమూ తెరిచి ఉండదు. వసంతం నుంచి శరదృతువు మధ్యలో వెళ్లండి. టికెట్టు ఖర్చు స్వల్పం.

బసకు మాకోన్‌లో రైలు సౌకర్యం ఉన్నా, సాయంత్రాలకు క్లూనీయే మేలు. నేను ఒక ఇంటివారి అద్దె గదిలో ఉన్నాను: గది శుభ్రం, ఉదయం రొట్టె, స్థానిక మేక జున్ను. శాకాహారులకు రాత్రి భోజనం మాత్రం కష్టం, ముందే చెప్పి పెట్టుకోండి.