మా బ్రాడీపేట ఆఫీసులో జెంకిన్స్: ఆ స్క్రిప్టు పెట్టె సంగతి

కోడు మారినప్పుడల్లా టెస్టులు, ప్యాకేజీ లాంటి పనుల్ని దానంతటదే చేయించే సాఫ్ట్‌వేర్ జెంకిన్స్. ఫ్రీ కదా అని పెట్టుకునేవాళ్లే ఎక్కువ. మేమూ అందుకే పెట్టుకున్నాం. గుంటూరు బ్రాడీపేటలో నలుగురైదుగురం కూర్చునే చిన్న ఆఫీసు మాది. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులకి కాటా, పట్టీ (అమ్మకం లెక్క చీటీ), ఖాతాలు చూసే సాఫ్ట్‌వేర్ రాస్తాం. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్న వేళ బిల్లింగ్ ఆగితే ఫోన్లు ఎలా మోగుతాయో గుంటూరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అందుకని కోడు మార్చిన ప్రతిసారీ టెస్టులు వాటంతటవే నడవాలి, ప్యాకేజీ తయారవ్వాలి, టెస్టు సర్వర్ మీదకి వెళ్లాలి. ఇదంతా జెంకిన్స్‌లో షెల్ స్క్రిప్టులతోనే, అంటే వరసగా రాసిపెట్టిన కమాండ్లతోనే, చేయిస్తున్నాం. ఈ రివ్యూ కూడా ఆ స్క్రిప్టుల వరకే.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జెంకిన్స్ నడవడానికి జావా కావాలి. 2024 చివరి నుంచి వస్తున్న ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్టు ఉండే) వెర్షన్లకి జావా 11 పనికిరాదు, అది మాత్రం చూసుకోండి. బ్రౌజర్లో 8080 పోర్టులో తెరుచుకుంటుంది. 2011లో ఒరాకిల్‌తో పేరు గొడవ వచ్చి హడ్సన్ కాస్తా జెంకిన్స్ అయింది. స్క్రీన్లు చూస్తే కొన్నిచోట్ల ఇంకా ఆ రోజుల్లోనే ఉన్నట్టుంటుంది. నాకైతే దానితో ఇబ్బంది లేదు, పని జరిగితే చాలు.

ఇక అసలు విషయం. జెంకిన్స్‌లో ఒక్కో పనిని జాబు అంటారు. అందులో మామూలు రకమైన ఫ్రీస్టైల్ జాబులో ‘ఎగ్జిక్యూట్ షెల్’ అని ఎంచుకుంటే ఒక ఖాళీ పెట్టె వస్తుంది. టెర్మినల్లో కొట్టే కమాండ్లే అందులో రాస్తే చాలు. మనం ఏమీ చెప్పకపోతే జెంకిన్స్ ఆ స్క్రిప్టుని ‘ఎక్స్’, ‘ఈ’ అనే రెండు ఆప్షన్లతో నడుపుతుంది. ‘ఎక్స్’ వల్ల ప్రతి కమాండూ నడిచే ముందు ప్లస్ గుర్తుతో కన్సోల్లో కనపడుతుంది. ‘ఈ’ వల్ల ఏ కమాండు ఫెయిలైనా స్క్రిప్టు అక్కడికక్కడే ఆగుతుంది, బిల్డు (జాబు ఒకసారి నడవడం) ఎర్రబడుతుంది. చాలా మంచి ఏర్పాటు ఇది.

కానీ ఉబుంటులో జెంకిన్స్ మామూలుగా వాడే షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) డ్యాష్, టెర్మినల్లో మనకొచ్చే బాష్ కాదు. డ్యాష్‌లో అర్రేలు (విలువల జాబితాలు) ఉండవు. ఎవరో ఒకరు బాష్ కావాలని పెట్టెలో మొదటి లైనుగా బాష్ షెబాంగ్, అంటే ఏ షెల్‌తో నడపాలో చెప్పే లైను, రాస్తారు. రాయగానే జెంకిన్స్ ఆ లైనునే పట్టుకుని నడుపుతుంది, తన రెండు ఆప్షన్లనీ వదిలేస్తుంది. ఒక్క ముక్క హెచ్చరిక కూడా రాదు. ఇక అక్కడి నుంచి చివరి కమాండు ఏం చెబితే బిల్డు అదే. చివరి టిక్కీ ఒక్కటి తూచి లోడంతటికీ పట్టీ రాసినట్టన్నమాట. కన్సోల్లో పైన మూడు టెస్టులు ఫెయిలని ఉంటుంది. కింద ప్యాకేజీ తయారై, సర్వర్‌కి కాపీ అయి, ఆఖరి లైనులో ‘ఫినిష్డ్: సక్సెస్’ అని ఉంటుంది. పచ్చ గుర్తు చూసి వెళ్లిపోయేవాళ్లకి పైన ఏముందో తెలిసే దారే లేదు. కాబట్టి షెబాంగ్ రాస్తే దాని పక్కనే ఆ రెండు ఆప్షన్లూ మీరే రాయండి, లేదా రెండో లైనులో ‘సెట్’ కమాండుతో పెట్టండి. టెస్టు ఔట్‌పుట్‌ని పైపు గుండా (ఒక కమాండు ఔట్‌పుట్ ఇంకో కమాండుకి అందేలా) లాగ్ ఫైలుకి పంపేవాళ్లు పైప్‌ఫెయిల్ అనే ఆప్షన్ కూడా కలుపుకోవాలి. లేకపోతే పైపులో చివరి కమాండు బాగుంటే ముందుదాని ఫెయిల్యూర్ మాయమైపోతుంది.

రెండో తలనొప్పి పాత్‌ది, అంటే షెల్ కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితాది. ‘నా మెషీన్లో నడుస్తోంది సార్’ అనే మాట జెంకిన్స్ దగ్గర రోజూ వినాల్సిందే. స్క్రిప్టుని నడిపేది మీరు కాదు, జెంకిన్స్ అనే వేరే యూజరు. మీ సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీ ఫైలు వాడికి తెలియదు. మీ లాగిన్‌లో ఎన్‌వీఎం అనే టూల్‌తో పెట్టుకున్న నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) అక్కడ దొరకదు. ఎగ్జిట్ కోడు (కమాండు ముగిశాక ఇచ్చే నంబరు) 127 కనపడితే లాజిక్ వెతకొద్దు, కమాండే దొరకలేదని అర్థం. దీనికి విరుగుడుగా కొందరు ఆ యూజరుకి పాస్‌వర్డ్ అడగని సూడో, అంటే అడ్మిన్ అధికారం, ఇచ్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. జాబు ఎడిట్ చేయగలిగిన ప్రతివాడికీ మెషీన్ తాళాలు ఇచ్చేసినట్టే.

పాస్‌వర్డులు పెట్టెలో రాయకుండా జెంకిన్స్‌లోనే ఉండే క్రెడెన్షియల్స్ విభాగంలో పెడితే కన్సోల్లో నక్షత్రం గుర్తులుగా (****) కనపడతాయి. పైప్‌లైన్ (జాబునంతా కోడుగా రాసే పద్ధతి) రాసేవాళ్లు మాత్రం షెల్ స్టెప్‌ని సింగిల్ కోట్స్‌లో రాయాలి. డబుల్ కోట్స్ వాడితే షెల్ దాకా వెళ్లకముందే గ్రూవీ (పైప్‌లైన్ రాసే భాష) ఆ పాస్‌వర్డుని తీసి కమాండులో అతికించేస్తుంది. మెషీన్లో ప్రాసెస్ లిస్టు చూసేవాళ్లకి అది కనపడొచ్చు. దీనికి మాత్రం జెంకిన్స్ హెచ్చరిక ఇస్తుంది, మెచ్చుకోవాలి.

ఇంకో చిన్న విషయం. స్క్రిప్టులో సర్వర్‌ని బ్యాక్‌గ్రౌండులో స్టార్ట్ చేసి వదిలేస్తే బిల్డు అయిపోగానే జెంకిన్స్ దాన్ని చంపేస్తుంది. ‘డోంట్ కిల్ మి’ అని ఒక వేరియబుల్‌కి విలువ ఇస్తే వదిలేస్తుందట్లెండి, పేరు బాగానే పెట్టారు. ఆ సర్వర్‌ని లైనక్స్‌లోని సిస్టమ్‌డీ చూసుకునే సర్వీసుగా పెట్టుకుని స్క్రిప్టులో రీస్టార్ట్ చేయించడం అంతకన్నా నయం.

నా సలహా: పెట్టెలో ఒక్క లైనే ఉంచండి, గిట్‌లో (కోడు మార్పుల్ని గుర్తుపెట్టుకునే టూల్) ఉన్న స్క్రిప్టు ఫైలుని పిలిచేది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అప్పుడు తెలుస్తుంది, అదే ఫైలుని మీ ల్యాప్‌టాప్‌లోనూ నడిపి చూసుకోవచ్చు. 1800కి పైగా ప్లగిన్లు ఉన్నాయని కనపడిందల్లా వేసుకోకండి. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ టెన్షనే.

మీ కోడు గిట్‌హబ్‌లోనే ఉండి, మెషీన్ చూసుకునే మనిషి లేకపోతే ఇదే పని గిట్‌హబ్ తన సర్వర్ల మీద చేసిపెట్టే గిట్‌హబ్ యాక్షన్స్ తీసుకోండి. ఫ్రీ ప్లాన్లో ప్రైవేటు రెపోలకి (కోడు దాచే చోట్లకి) నెలకి 2,000 నిమిషాలు ఇస్తారు. అక్కడ షెల్ బాష్ అని రాస్తే పైప్‌ఫెయిల్ కూడా దానంతటదే వస్తుంది. మేము మారకపోవడానికి కారణం వేరు. మా టెస్టు సర్వరు ఆఫీసు లోపలే ఉంది, బయటి నుంచి దానికి దారి తెరవడం మాకిష్టం లేదు.