వేళచ్చేరిలో వెల్ష్ రేడియో: ఐదుకి నాలుగున్నర

ఆరు నెలలుగా చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో రేడియో కమ్రి మోగుతోంది. బీబీసీ వాళ్ళ వెల్ష్ భాషా స్టేషన్ అది. స్పెల్లింగ్ చూసి సిమ్రు అనుకున్నాను గానీ కమ్రి అనాలట, బ్రిటన్‌లోని వేల్స్‌ని వాళ్ళ భాషలో అలాగే పిలుస్తారు. నాకు వెల్ష్‌లో "బోరె ద" అంటే శుభోదయం అని తప్ప ఇంకో ముక్క రాదు, అయినా ఈ రివ్యూ రాయకుండా ఉండలేకపోతున్నాను.

దానికి కారణం ఒక్క కార్యక్రమం. పేరు టాలుర్న్ అ బైర్ద్, 1979 నుంచీ వస్తోంది. టాలుర్న్ అంటే కోడిపందేల బరి, అంటే ఇది కవుల బరి అన్నమాట. కవులు జట్లుగా వస్తారు, ముందే ఇచ్చిన అంశాల మీద పద్యాలు చదువుతారు, ఇచ్చిన పాదాన్ని కలుపుకుని పద్యం పూర్తి చేయడం కూడా ఉంటుంది (మన ఆకాశవాణి సమస్యాపూరణం గుర్తొచ్చిందా?), న్యాయనిర్ణేత ప్రతి పద్యాన్నీ విశ్లేషించి పదికి ఎనిమిదిన్నర, తొమ్మిది అంటూ మార్కులు వేస్తాడు. ఆయన్ని మైరిన్ అంటారు. ఇలాంటి పోటీకి మొదట తీర్పరిగా ఉన్న కవి కలం పేరే ఆ పదవికి పేరైపోయింది.

మొదటిసారి పెట్టినప్పుడు అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఒక పద్యం అయ్యాక చేతిలో కాయ అలాగే పట్టుకుని "ఒరే, వీళ్ళకీ ప్రాస ఉందిరా, మళ్ళీ పెట్టు" అంది. ఆ తర్వాత వెతికితే తెలిసింది, దాన్ని కంగ్‌హానెద్ అంటారు, అందులో ఒక రకంలో పాదం మొదటి సగంలో వచ్చిన హల్లులన్నీ అదే వరసలో రెండో సగంలో మళ్ళీ రావాలి, అచ్చులు మారినా ఫర్వాలేదు. మన ప్రాసలోనూ హల్లు కుదిరితే చాలు కదా! భాష తెలియని నెల్లూరు మనిషి చెవికి అది పట్టుబడింది.

ఈ స్టేషన్ ఊరికే రాలేదు. 1923 ఫిబ్రవరి 13న వేల్స్‌లోని కార్డిఫ్‌లో రేడియో మొదలైనప్పుడు ఆ సాయంత్రం ఒక వెల్ష్ పాట వినిపించింది గానీ ప్రసారాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషే. తర్వాత చాలా ఏళ్ళు వేల్స్‌నీ పశ్చిమ ఇంగ్లండ్‌నీ ఒకే ప్రాంతంగా కలిపి నడిపారు, వెల్ష్ వస్తే అటువాళ్ళకి కోపం, ఇంగ్లీషు వస్తే ఇటువాళ్ళకి కోపం. వేల్స్‌కి విడిగా ప్రసారం 1937లో గానీ రాలేదు. 1962లో, మళ్ళీ అదే ఫిబ్రవరి 13న, సాండర్స్ లూయిస్ అనే రచయిత రేడియోలో ప్రసంగిస్తూ ఇలాగే ఉంటే 21వ శతాబ్దం మొదలయ్యే నాటికి వెల్ష్ వాడుకలో ఉండదని హెచ్చరించాడు. ఆ మాటలు విన్నవాళ్ళలోంచే భాషా ఉద్యమం పుట్టింది. మా భాషలో ప్రసారాలు కావాలని, అప్పటిదాకా ప్రసారాల కోసం కట్టాల్సిన లైసెన్సు ఫీజు కట్టేది లేదని కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళున్నారు, జైలుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. రేడియో కమ్రి 1977 జనవరి 3న మొదలైంది. 2018లో రెండో స్టేషన్ కూడా పెట్టారు.

2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో వెల్ష్ మాట్లాడేవాళ్ళు సుమారు 5,38,000 మంది. మా తాతయ్య నెల్లూరులో మద్రాసు స్టేషన్ తెలుగు కార్యక్రమాలు వింటూ పెరిగాడు, 1938లో మొదలైన స్టేషన్ అది. ఇప్పుడు ఈ చెన్నైలో కారులో రేడియో తిప్పుతూ పోతే తెలుగు మాట చెవిన పడటం ఎంత అరుదో ఇక్కడుండేవాళ్ళకి తెలుసు. ఐదు లక్షల మందికి రోజంతా రేడియో ఉందని తెలిసిన రోజు నాకు సంతోషమూ వేసింది, కడుపు మండింది కూడా.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, పగటిపూట కబుర్ల కార్యక్రమాలు చాలా సాగుతాయి, భాష రానివాళ్ళు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. నేను వాడిన ఒక యాప్ అయితే సరిగ్గా మార్కులు చెప్పే టైముకి ప్రకటన పెట్టేసింది, ఆ తప్పు స్టేషన్‌ది కాదు. పాటలు మాత్రం బాగుంటాయి. 2013 జనవరిలో రాయల్టీ గొడవ వల్ల కొన్ని వారాలు వేల వెల్ష్ పాటలు వేయలేకపోయారట, ఆ రోజుల్లో వినేవాళ్ళు ఎంత వెలితి పడ్డారో ఊహించుకోగలను.

వినాలనుకుంటే ఉదయం వార్తలతో కాదు, కవుల బరితోనే మొదలుపెట్టండి. వాళ్ళు మనకంటే వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక ఉంటారు. అమ్మ ఇప్పుడు కూరగాయల బుట్ట ముందేసుకోగానే "ఆ కోడిపందెం పెట్టరా" అంటోంది.