కస్టమ్ పిస్టల్‌కి నాలుగు వేల డాలర్లు: ఏళ్ల తరబడి వాడాక నా లెక్క

కస్టమ్ పిస్టల్‌కి అంత డబ్బు పెట్టొచ్చా అని అడిగేవాళ్లకి అసలు జవాబు ముందే చెప్పేస్తాను. దీంతో గురి కుదురుతుందని ఆశపడి కొంటే శుద్ధ దండగ. ట్రిగ్గర్ కోసమో, చేతిలో ఇమిడే తీరు కోసమో, ఏళ్లు గడిచినా విడిభాగాలు మార్చాల్సిన పని పడని పనితనం కోసమో అయితే ఆలోచించొచ్చు. అప్పుడు కూడా 4,000 డాలర్లు పెట్టాలా అన్నది వేరే సంగతి.

నా దగ్గరున్నది 1911 రకం. .45 క్యాలిబర్, ఐదంగుళాల బ్యారెల్, మొత్తం ఉక్కు, తూటాలు లేకుండానే కిలో పైన తూగుతుంది. అమెరికాలో ఒక చిన్న షాపులో చేత్తో అమర్చి ఇచ్చారు. ఆర్డర్ పెట్టాక ఏడాదికి పైగా ఎదురుచూశాను. ఇది కాక, అదే డిజైన్‌లో ఫ్యాక్టరీలో తయారై వెయ్యి డాలర్ల లోపు వచ్చిన పిస్టల్ ఒకటి, గ్లాక్ 17 అనే 9 ఎంఎం పిస్టల్ ఒకటి ఉన్నాయి. మూడింటినీ షూటింగ్ క్లబ్బు మ్యాచ్‌లలో, రేంజ్‌లో ఏళ్లుగా మార్చి మార్చి వాడుతున్నాను. ధర విన్న మనవాళ్లు అడిగేది మాత్రం ఒకటే: "బంగారంతో చేశారా ఏంటి?"

కొత్తగా అమెరికా వచ్చినవాళ్లకి మధ్యలో ఒక్క మాట. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడానికీ, దగ్గర పెట్టుకోవడానికీ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు ఉండదు గానీ రాష్ట్రాల రూల్స్ మళ్లీ వేరు. ఇది తెలియకుండానే "మనం కూడా ఒకటి కొందామా" అనే స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు.

ధర ఎందుకంత అంటే, ఈ పిస్టల్ ఎలా తయారవ్వాలని మొదట అనుకున్నారో దానికి పూర్తి విరుద్ధంగా తయారవుతుంది కాబట్టి. జాన్ బ్రౌనింగ్ డిజైన్‌ని అమెరికా సైన్యం 1911 మార్చిలో తీసుకుంది. 1985లో బెరెట్టా కంపెనీ పిస్టల్‌ని ఎంచుకునేదాకా అదే వాళ్ల పిస్టల్. రెండో ప్రపంచ యుద్ధంలో టైప్‌రైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్, రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కూడా వీటిని తయారుచేశాయి. కుట్టుమిషన్ల సింగర్ ఒక 500 చేసి మానేసింది, ఇప్పుడు సేకరించేవాళ్లు వాటి కోసం పడి చస్తారు. ఇంతమంది చేసినా, ఎవరు చేసిన భాగమైనా ఎవరి పిస్టల్‌లోనైనా ఆకురాయి తగలకుండా ఇమిడిపోవాలన్నది సైన్యం లెక్క. అలా ఇమడాలంటే భాగాల మధ్య కాస్త సందు వదలాలి. అందుకే పాత సైనిక పిస్టళ్లు ఊపితే గలగలలాడతాయి, మట్టి పట్టినా పనిచేస్తాయి.

కస్టమ్ షాపు ఆ సందుని మూసేస్తుంది. భాగాల్ని కావాలనే కాస్త పెద్దవిగా ఉంచి, ఒక గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) కూర్చుని, ఆకురాయితో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ఆ ఒక్క పిస్టల్‌కే సరిపోయేలా కూర్చోబెడతాడు. ఇలాంటి రెండు పిస్టళ్లలోంచి ఒక్కో భాగం తీసి అటుదిటు మారిస్తే పట్టవు. ఈ వ్యాపారంలో పెద్ద పేరైన విల్సన్ కంబాట్ 1977లో ఆర్కాన్సా రాష్ట్రంలోని బెర్రీవిల్ అనే చిన్న ఊళ్లో, కుటుంబపు నగల షాపు వెనకవైపు మొదలైంది (బంగారం ప్రశ్నకి ఇదే నా జవాబు). 2004లో నైట్‌హాక్ కస్టమ్ కూడా ఆ ఊళ్లోనే పెట్టారు. అక్కడ ఒక పిస్టల్‌ని మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి చేస్తాడు. మీరిచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఉక్కుకి కాదు, ఆ మనిషి కూలికి. ఆ కూలి న్యాయమే అంటాను. దానివల్ల మీ స్కోరు పెరుగుతుందని చెప్పేవాళ్లతోనే నాకు పేచీ.

కస్టమ్ పిస్టల్ చేతికివ్వగానే అందరూ స్లైడ్ (బ్యారెల్ మీద ఉండి, పేలినప్పుడు వెనక్కీ ముందుకీ జరిగే పైభాగం) పట్టుకుని అటూ ఇటూ ఊపి, "అబ్బ, కదలడమే లేదే" అంటారు. ఆ బిగువు ముచ్చటగానే ఉంటుంది కానీ గురిలో దాని వాటా తక్కువ. గురి చూసుకునే సైట్లు, ముందుదీ వెనకదీ, రెండూ స్లైడ్ మీదే ఉంటాయి. కాబట్టి పేలిన ప్రతిసారీ బ్యారెల్ తిరిగొచ్చి స్లైడ్‌లో అదే చోట కూర్చోవడం ముఖ్యం. ముందు బ్యారెల్ మూతిని పట్టి ఉంచే బుషింగ్‌లో, పైన స్లైడ్‌ గాడుల్లో ఇరుక్కునే లగ్గుల (బ్యారెల్ మీది బొడిపెల) దగ్గర, కింద స్లైడ్‌ని వెనక ఆపి ఉంచే స్లైడ్ స్టాప్ పిన్ను మీద ఆనే లగ్గుల దగ్గర, ఈ మూడు చోట్లా పని బాగుండాలి. అది ఊపితే తెలియదు. పిస్టల్ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, స్లైడ్ మూసి, తూటా గొట్టాలు బయటికొచ్చే కిటికీలో కనిపించే బ్యారెల్ వెనక భాగాన్ని బొటనవేలితో కిందికి నొక్కి చూడండి. నాది బండలా ఉంటుంది. ఫ్యాక్టరీది స్పష్టంగా కిందికి దిగి పైకి లేస్తుంది.

ఆ తేడా టార్గెట్ మీద ఎంత? 25 గజాల దూరంలో, ఇసుక సంచుల మీద ఆనించి, మంచి తూటాలతో కాలిస్తే కస్టమ్‌వి అన్నీ అంగుళం, అంగుళంన్నర వెడల్పు లోపల పడతాయి. ఫ్యాక్టరీవి రెండున్నర నుంచి మూడు. కాగితం మీద ఇది రెట్టింపు తేడా. అదే నిలబడి కాల్చి, రెండు టార్గెట్లూ పక్కపక్కన పెట్టి ఏది దేనిదో చెప్పమంటే కాల్చిన నేనే చెప్పలేను. నా చేతి వణుకే నాలుగంగుళాలుంటే పిస్టల్ ఒక అంగుళానిదా, మూడు అంగుళాలదా అని ఎవరికి కావాలి? యూఎస్‌పీఎస్ఏ అనే అమెరికా షూటింగ్ సంఘం మ్యాచ్‌లలో టార్గెట్ మధ్య ఉండే 'A' జోన్ దాదాపు ఆరంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు. మా క్లబ్బులో టార్గెట్లు చాలావరకు 15 గజాల లోపే పెడతారు. అక్కడ గడియారమే అసలు శత్రువు.

50 గజాల్లో ఒంటిచేత్తో కాల్చే బుల్స్‌ఐ పోటీ సంగతి వేరు. అక్కడ పది పాయింట్ల వలయం మూడంగుళాలకి కొంచెం ఎక్కువ. మామూలు ఫ్యాక్టరీ పిస్టల్ అంత దూరంలో తనంతట తనే ఐదారంగుళాల మేర చెదరగొడుతుంది. ఆ పోటీలు ఆడేవాళ్లకి నా సమీక్షతో పనిలేదు.

డబ్బు ఎక్కడికి పోయిందో వేలికి తెలిసేది ట్రిగ్గర్ దగ్గర. చాలా పిస్టళ్లలో ట్రిగ్గర్ ఒక పిన్ను మీద తిరుగుతుంది. 1911లో మాత్రం సొరుగులాగా నేరుగా వెనక్కి జరుగుతుంది. లోపల, తూటా పేలేలా దెబ్బ వేసే హ్యామర్‌కి రెండు చిన్న కొక్కేలు, వాటిని ఆపి పట్టుకునే సియర్ అనే ముక్క. బాగా సరిచేసిన పిస్టల్లో ఆ కొక్కేల ఎత్తు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే 18 నుంచి 20 భాగాలు. ఆ కాస్త మేర సియర్ జారడమే మన వేలికి కదలికగా తెలుస్తుంది. రెండు ముఖాలూ సమంగా, నున్నగా, సరైన కోణంలో ఉంటే ఆ జారడం తెలియనే తెలియదు.

నా ఫ్యాక్టరీ పిస్టల్ ట్రిగ్గర్ కొత్తలో ఐదున్నర పౌన్లు లాగాల్సొచ్చేది. సగం దాకా వచ్చి ఒకచోట ఆగుతుంది, కాస్త గరుగ్గా జరుగుతుంది, మళ్లీ ఆగుతుంది, ఇక పేలదేమో అనుకునేసరికి పేలుతుంది. కస్టమ్‌ది మూడున్నర. మొదట వెంట్రుకవాసి ఖాళీ, తర్వాత గట్టి ఆనిక. ఆ ఆనిక మీద ఒత్తిడి పెంచుకుంటూ పోవడమే, ఏదీ కదిలినట్టుండదు, హ్యామర్ పడిపోతుంది. పడ్డాక ట్రిగ్గర్ అంతకంటే వెనక్కి పోదు. ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో గోడవైపు డ్రై ఫైర్ చేస్తే ముందు సైటు ఉన్నచోటే ఉంటుంది. ఇంతకన్నా నాకు నచ్చింది ఇంకోటుంది: ఇన్ని వేల తూటాల తర్వాత కూడా ఆ మూడున్నర మూడున్నరగానే ఉంది. అప్పుడప్పుడూ ట్రిగ్గర్ బరువు కొలిచే సాధనం పెట్టి చూస్తుంటాను.

అయితే పూర్తి నిజం చెప్పాలి కదా. ఆ ఫ్యాక్టరీ పిస్టల్‌కి తర్వాత తెలిసిన గన్‌స్మిత్ చేత ట్రిగ్గర్ పని చేయించాను. 200 డాలర్ల లోపే అయింది. ఇప్పుడది నాలుగు పౌన్లు, ఎక్కడా గరుకు లేదు. కళ్లకి గంతలు కట్టి రెండూ చేతికిస్తే ట్రిగ్గర్‌ని బట్టి గుర్తుపడతాను గానీ, ఆ తేడాకి మూడు వేలు ఇవ్వమంటే ఇవ్వను. (ఈ పని యూట్యూబ్ చూసి మీరే చేసుకోకండి. సియర్ కోణం తప్పితే స్లైడ్ మూసుకోగానే హ్యామర్ దానంతటదే పడుతుంది.)

పట్టు విషయంలో కస్టమ్‌దే పైచేయి. పిడి ముందువైపు అంగుళానికి 25 గీతల చొప్పున కోసిన చెకరింగ్ చెమట చేతిలో కూడా జారదు. అంచులన్నీ గుండ్రంగా అరగదీశారు. ఫ్యాక్టరీదాని వెనక సైటు అంచు, సేఫ్టీ అంచు కలిసి మ్యాచ్ అయ్యేసరికి నా బొటనవేలు తోలు ఊడదీసేవి. విడిభాగాల్లోనూ తేడా ఉంది. ఫ్యాక్టరీదాంట్లో స్లైడ్ స్టాప్ ఒక మ్యాచ్ మధ్యలో విరిగింది. ఖాళీ గొట్టాల్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ పట్టు సడలి అవి లోపలే ఇరుక్కుపోతుంటే అదీ మార్చాను. రెండూ కలిపి వంద డాలర్లు కూడా కాలేదు, టెన్షన్ మాత్రం బాగానే పడ్డాను. కస్టమ్‌దానికి ఇప్పటిదాకా మార్చింది స్ప్రింగులే. స్లైడ్‌ని తిరిగి ముందుకి తోసే రీకాయిల్ స్ప్రింగు రెండు మూడు వేల తూటాలకోసారి మార్చాలి, అది ఏ 1911కైనా తప్పదు.

ఇక దాని నస. కొత్తలో స్లైడ్ పూర్తిగా మూసుకునేది కాదు. చివరి పావంగుళం దగ్గర ఆగిపోతే వెనకనుంచి బొటనవేలితో తొయ్యాల్సొచ్చేది. షాపుకి ఫోన్ చేస్తే "500 తూటాలు కాల్చండి, సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకుంది. కానీ .45 తూటా ఒక్కోటి 45 సెంట్ల చుట్టుపక్కల ఉంటే ఆ సర్దుబాటు ఖర్చు ఎవరిది? నాలుగు వేలు తీసుకున్నవాళ్లు ఆ 500 వాళ్ల దగ్గరే కాల్చి పంపొచ్చు కదా. ఇప్పటికీ నూనె తగ్గితే అలుగుతుంది. రోజంతా దుమ్ములో మ్యాచ్ ఉంటే మధ్యలో నాలుగు చుక్కలు వెయ్యాల్సిందే. ఉక్కుకి పెట్టిన నల్లటి మెరుగు, బ్లూయింగ్ అయితే హోల్‌స్టర్ (ఒర) రాపిడికి మూతి దగ్గర ఎప్పుడో పోయింది. మొదటిసారి గీత పడ్డప్పుడు కడుపు తరుక్కుపోయింది, ఇప్పుడు పట్టించుకోవడం మానేశాను. మెరుపు పోతుందని భయపడేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి. తూటాలు నింపే మ్యాగజైన్లు కూడా మంచివే కొనండి. 1911 ఇరుక్కుందంటే నేను మొదట అనుమానించేది మ్యాగజైన్‌నే. నాలుగు వేల పిస్టల్‌లో అంగడిలో దొరికే చవక మ్యాగజైన్ దూర్చి కంపెనీని తిట్టేవాళ్లని రేంజ్‌లో చూస్తూనే ఉంటాను.

గ్లాక్ సంగతి ఇంతసేపూ ఎత్తలేదు, ఎత్తితే వాదన తొందరగా అయిపోతుంది. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న పిస్టల్ అది. ధర 600 డాలర్ల దగ్గర్లో. మ్యాగజైన్‌కి 17 తూటాలు, నా 1911కి ఎనిమిది. ట్రిగ్గర్ బాగోదు, చూడ్డానికి అందం లేదు, నూనె వేశానో లేదో గుర్తుండదు. మ్యాచ్‌లలో నా మంచి స్కోర్లన్నీ దాంతోనే వచ్చాయి. 9 ఎంఎం తూటా చవక కాబట్టి దాంతో ఎక్కువ సాధన చేశాను, తేడా అక్కడే వచ్చింది.

ఫ్యాక్టరీ 1911కీ కస్టమ్‌కీ మధ్యనున్న మూడు వేల డాలర్లతో .45 తూటాలే ఆరు వేలకు పైగా వస్తాయి. లేదా ఒక మంచి రెండ్రోజుల క్లాసు, మిగతాదానికి తూటాలు. ఆరు వేల తూటాలు బుద్ధిగా కాల్చినవాడు, చేతిలో ఏ పిస్టల్ ఉన్నా, కొత్త కస్టమ్ పిస్టల్‌తో వచ్చినవాణ్ణి ఓడిస్తాడు. రెండిటికీ మధ్య దారి కావాలంటే డాన్ వెస్సన్ లాంటి కంపెనీల పిస్టళ్లు 2,000 డాలర్ల అటూ ఇటూ దొరుకుతాయి. నేను కాల్చిన ఒకటి నా కస్టమ్‌కి ఎంత దగ్గరగా ఉందంటే, ఇంటికొచ్చాక కాసేపు మూడ్ పాడైంది.

అయినా కస్టమే కావాలని మనసు లాగుతుంటే వాడినది చూడండి. పెట్టెలోంచి తీశాక ధర బాగానే పడిపోతుంది, ఎదురుచూపూ ఉండదు. వేరే రాష్ట్రంలో ఉన్న వ్యక్తి దగ్గర కొంటే లైసెన్సున్న డీలర్ ద్వారానే చేతికి రావాలి. తీసుకునే ముందు బ్యారెల్ నొక్కి చూడండి, ట్రిగ్గర్ బరువు కొలవండి, పిస్టల్ ఖాళీ అని చూసుకుని హ్యామర్ ఎక్కుపెట్టి బొటనవేలితో వెనకనుంచి గట్టిగా తోయండి. అలా తోస్తే పడిపోయే హ్యామర్ అయితే దండం పెట్టి వచ్చేయండి. షాపువాళ్లిచ్చిన టెస్ట్ టార్గెట్, ఏయే భాగాలు వేశారో రాసిన కాగితం ఉన్నాయేమో అడగండి. కొత్తదే చేయించుకుంటే మాత్రం స్లైడ్ మీద మీ పేరు చెక్కించుకోకండి. చెక్కడానికో మూడొందలు, అమ్మేటప్పుడు అది కొనేవాడు దొరకక ఇంకో ఐదొందలు.