"తరుగు లేదు, మజూరీ లేదు" అన్నారా? ఆ వెండిని ఒకసారి నీళ్లలో ముంచండి

మా చెల్లి కొడుకు అన్నప్రాసనకి వెండి గిన్నె కొన్నాను. 212 గ్రాములు. "తరుగు లేదు, మజూరీ లేదు, మీకు కాబట్టి" అన్నాడు కొట్టాయన. చేతిలో పెట్టింది మాత్రం తెల్ల చీటీ. అక్కడే అనుమానం రావాల్సింది. ధర చూసి కళ్లు మూసుకున్నాను.

ఇంటికొచ్చాక అయస్కాంతం పెట్టాను, అంటలేదు. దానివల్ల తేలేదేమీ లేదు, రాగీ జింకూ కూడా అంటవు. అప్పుడు నీళ్ల పరీక్ష. 0.1 గ్రాము దాకా చూపే కాటా మీద నీళ్ల పాత్ర పెట్టి సున్నా చేశాను. గిన్నెకి సన్న దారం కట్టి, బుడగ నిలవకుండా పక్కకి వంచి, అడుగు తగలకుండా పూర్తిగా ముంచాను. కాటా 24.7 చూపించింది. మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము తూగుతాయి, అంటే గిన్నె ఆక్రమించిన చోటు 24.7 మిల్లీలీటర్లు. 212ని దాంతో భాగిస్తే 8.58. అదే సాంద్రత, మిల్లీలీటరు చోటుకి ఎన్ని గ్రాములన్న లెక్క. వెండి సాంద్రత 10.49. అసలు వెండే అయితే కాటా 20 దగ్గరే ఆగేది.

వెళ్లి అడిగితే, "గట్టిదనానికి కొంచెం రాగి కలుస్తుందమ్మా" అన్నాడు. కలుస్తుంది, కాదనను. నూటికి 7.5 పాళ్లు రాగి కలిపినా 10.3 పైనే ఉంటుంది. అసలు అచ్చం రాగే 8.96! వెండీ రాగీ ఏ పాళ్లలో కలిపినా అంతకన్నా కిందికి దిగదు కదా. ఇంకేదో తేలికది పడింది. నా అనుమానం జింకు మీద, జర్మన్ సిల్వర్‌లో రాగి, నికెల్‌తో పాటు ఉండేది అదే. పేరులో తప్ప అందులో వెండి ఉండదు.

తమాషా ఏంటంటే, జింకు పరమాణువు రాగిదానికన్నా కాస్త బరువే. కానీ అవి ఎడంగా సర్దుకుంటాయి, అందుకే జింకు సాంద్రత 7.14. వెండి పరమాణువు రాగిదానికన్నా 1.4 రెట్లు చోటు తీసుకున్నా, బరువు 1.7 రెట్లు. అందుకే వెండి చేతికి అంత దిట్టంగా తగులుతుంది.

అలాగని 10.49 వస్తే నిశ్చింత అనుకోకండి. సీసం 11.34. రాగితో పాళ్లు చూసి కలిపితే సరిగ్గా వెండి లెక్కే వస్తుంది. లోపల లక్కో గాలో ఉన్న కుందులకి, డొల్ల బొమ్మలకి ఈ లెక్క పనిచేయదు. బంగారానికిలా వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, మనమే అడిగి తీసుకోవాలి.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. బిల్లు నంబరు చెప్పమన్నారు. తెల్ల చీటీకి నంబరెక్కడిది?