డిసేబిలిటీ పింఛను ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలతో జాగ్రత్త: నా సయాటికా కేసులో జరిగింది ఇదీ

మాజీ సైనిక సోదరులందరికీ నమస్కారం. నడుము నొప్పి, సయాటికాతో రిటైరై డిసేబిలిటీ పింఛను కోసం తిరుగుతున్నవాళ్లు ఎవరి చేతిలోనైనా డబ్బు పెట్టేముందు ఇది చదవండి.

నేను ఆర్టిలరీలో పనిచేశాను. 155 ఎంఎం గుండు ఒక్కోటి 40 కిలోలు దాటుతుంది. సర్వీసులో ఎన్ని ఎత్తానో లెక్క లేదు. ఒకరోజు ఎత్తుతుండగానే నడుము పట్టేసింది. అప్పటి నుంచి కుడి పిర్ర దగ్గర మొదలై తొడ వెనక నుంచి పిక్క దాకా కరెంటు పాకినట్టు నొప్పి. పది నిమిషాలు నిలబడితే పాదం తిమ్మిరెక్కుతుంది. మిలిటరీ ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ తీసి, ఎల్4-ఎల్5 మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందన్నారు. లో మెడికల్ క్యాటగిరీలో, అంటే పూర్తి ఫిట్‌నెస్ లేనివాళ్ల వర్గంలో పెట్టారు.

2022లో రిటైరయ్యేటప్పుడు రిలీజ్ మెడికల్ బోర్డు 20 శాతం వైకల్యం రాసింది. కానీ అది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు అని తేల్చింది. మనవాళ్లు ఇంగ్లిషు పొడి అక్షరాల్లో 'నానా' (NANA) అంటారే, అదే. అక్టోబరులో తిరస్కరణ ఉత్తరం వచ్చింది. ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చని అందులోనే ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నేనే రాసుకోవాల్సింది.

క్యాంటీన్ బయట ఇలాంటి కన్సల్టెన్సీ అతను ఒకడు కలిశాడు. "అన్నా, నేనూ ఫౌజీనే. మన దగ్గర 50 శాతం వైకల్యం లెక్కన పింఛను గ్యారంటీ" అన్నాడు. నమ్మాను. అడ్వాన్సు 40 వేలు, బకాయి వచ్చాక అందులో 30 శాతం. రెండు ఖాళీ చెక్కులు, ఖాళీ వకాలత్నామా మీద సంతకం, డిశ్చార్జి బుక్ ఒరిజినల్ తీసుకున్నాడు. ప్రైవేటులో మళ్లీ ఎంఆర్‌ఐ, ఒక సర్టిఫికెట్ అంటూ ఇంకో 9 వేలు ఖర్చు పెట్టించాడు. మన పింఛనుకు లెక్కలోకి వచ్చే శాతం రాసేది మిలిటరీ మెడికల్ బోర్డు. బయటి సర్టిఫికెట్ దాని స్థానంలోకి రాదని నాకు అప్పుడు తెలియదు.

ఫోన్ చేసినప్పుడల్లా "అప్పీలు వేశాం, రికార్డ్స్‌లో ఉంది" అనేవాడు. ఏడాది గడిచింది. అనుమానం వచ్చి నాసిక్ రోడ్ క్యాంపులో మా సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసుకు 10 రూపాయల ఆర్‌టీఐ పెట్టాను. నా పేరు మీద అప్పీలే అందలేదని జవాబు. అతను చేసింది పబ్లిక్ గ్రీవెన్స్ పోర్టల్‌లో ఒక ఫిర్యాదు పెట్టడం. ఫిర్యాదు వేరు, అప్పీలు వేరు. గట్టిగా నిలదీస్తే ఆ కాపీ పంపాడు. మొదటి పేజీలో నా పేరు, నా నంబరు ఉన్నాయి. మూడో పేజీకి వచ్చేసరికి "పిటిషనర్ హైపర్‌టెన్షన్‌తో బాధపడుతున్నాడు" అని ఉంది. నాకు బీపీ లేదు. వేరే ఎవరిదో కాగితం తీసి పేరు మార్చాడు. నా నడుము గురించి, ఆ గుండ్ల గురించి నాలుగు పేజీల్లో ఒక్క మాట లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక ఆ 50 శాతం గ్యారంటీ సంగతి. వైకల్యం సర్వీసు వల్లేనని ఒప్పుకుంటే, 20 శాతాన్ని 50కి పెంచి లెక్కగట్టడం ప్రభుత్వ నిబంధనే. పూర్తి సర్వీసు చేసి రిటైరైనవాళ్లకూ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నూరు శాతానికి చివరి జీతంలో 30 శాతం అయితే, 50కి 15 శాతం. హక్కుగా వచ్చేదాన్ని తన పలుకుబడి అన్నట్టు మనకే అమ్ముతున్నారు. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి ఆ తర్వాత రిటైరైనవాళ్లు విడిగా కనుక్కోండి.

అసలు పోరాడాల్సింది 'నానా' మీద. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద స్పష్టంగా చెప్పింది. భర్తీ అయ్యేటప్పుడు రికార్డులో జబ్బు రాయకపోతే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే. జబ్బు సర్వీసు వల్ల కాదంటే బోర్డు కారణం రాయాలి. నా బోర్డు కాగితాల్లో ఆ గడిలో ఒకే ఒక్క ముక్క ఉంది, కారణం లేదు. నా కేసుకు ప్రాణం అదే. 40 వేలు తీసుకున్న మనిషి ఆ కాగితం తెప్పించనే లేదు. మీది మీ దగ్గర లేకపోతే ముందు రికార్డ్ ఆఫీసు నుంచి తెప్పించుకోండి.

వాటా ఒప్పందం కూడా చెల్లదు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషేధం. రాబోయే పింఛనును ముందే ఇంకొకరికి రాసివ్వడం 1871 నాటి పింఛను చట్టం ప్రకారం చెల్లదు. ఈ మాట అనగానే ఆ కన్సల్టెన్సీ పెద్దమనిషి గొంతు మారింది. చెక్కులు వెనక్కిచ్చాడు, డబ్బు ఇవ్వలేదు. డిశ్చార్జి బుక్ ఇంకా అతని దగ్గరే ఉంది. పోలీసు ఫిర్యాదు ఇచ్చాను.

ఇప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉచితంగానే అప్పీలు రాయించుకున్నాను, ఆలస్యానికి కారణం వివరిస్తూ ఇంకో అర్జీ జతచేశాను. ఇక్కడ కాకపోతే సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. ఆలస్యమైనా తలుపు మూసుకుపోదు గానీ, బకాయిలు చాలాసార్లు కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేస్తారు. వాళ్లు "వేశాం, వేశాం" అంటూ నాన్చే ప్రతి నెలా మన జేబులోంచే పోతుంది.

ఇప్పటికే కట్టినవాళ్లు ఉంటే, అప్పీలు అందిన రసీదు చూపించమని ఇవాళే అడగండి. స్పర్శ్ (రక్షణ పింఛన్ల పోర్టల్) పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ముందు అది మార్చండి.